అమాసకు ఒక్కసారి

నేను ఎదురుకాళ్లతో పుట్టలేదు. అందరిలాగే తల ముందు, కాళ్లు తర్వాత. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. డైరీ రాసే అలవాటున్నా అందులో కూడా రాసుకోలేదు. ఏ పెట్టెకూ తాళం లేని ఇంట్లో పెరిగినదాన్ని. ఏది రాసుకోవచ్చో, ఏది లోపలే ఉంచుకోవాలో చిన్నప్పుడే తెలిసింది.

కాళ్లు ముందుగా పుట్టిన మనిషి కాలు తగిలిస్తే పట్టేసిన నడుము విడుస్తుందని మా వైపు గట్టి నమ్మకం. పల్లెలో అయితే అలాంటి మనిషి కోసం ఎప్పుడో ఒకరు వస్తారు. మాది బెల్లంపల్లి. మా కార్మికుల క్వార్టర్ల లైనులో ప్రతి ఇంటి మగవాడూ బొగ్గుబావిలో దిగేవాడే. వంగి తవ్వి, వంగి తట్ట ఎత్తి, వంగి నడిచి, పైకొచ్చాక కూడా నిటారుగా నిలబడటం మరిచిపోయినట్టు ఉండేవాళ్లు. అలాంటి చోట ఎదురుకాళ్ల పిల్ల ఒకతి ఉందంటే ఎంత గిరాకీయో చెప్పనక్కర్లేదు.

నాకు ఊహ తెలిసేటప్పటికే, బావికి సెలవుండే ఐతారం తెల్లవారేసరికి మా గడప ముందు ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. అవ్వ, అంటే మా అమ్మ, నన్ను పక్కలోంచి లేపి, ముఖమైనా కడగకుండా చంకల కింద పట్టుకుని తీసుకెళ్లి వాళ్ల నడుము మీద నిలబెట్టేది. ఎడమకాలితో మూడుసార్లు తాకించాలి. తర్వాత వాళ్లు లేచి వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. చెమట, బొగ్గుపొడి కలిసిన జిగట అరికాలికి తగిలేది. నాకు మెలకువ వచ్చేది దానితోనే. ఆ కాలు కడుక్కునేదాకా నేను నీళ్లయినా తాగేదాన్ని కాదు.

"గీ పొల్ల కాలు బంగారమే," అనేవాళ్లు లైనులోని ఆడవాళ్లు. వాళ్ల పిల్లలు మాత్రం బడిదారిలో నా ముందు వెనక్కి నడుస్తూ, "ఎదురుకాళ్లూ, ఎదురుకాళ్లూ, ఎటువోతున్నవే?" అని పాడేవాళ్లు. నేను జవాబు చెప్పే పిల్లను కాను. బడిలో కాళ్లు లంగా కిందికి ముడుచుకుని కూర్చునేదాన్ని. మిగతా ఆడపిల్లలు ముఖం దాచుకుంటే నేను పాదాలు దాచుకునేదాన్ని.

పెద్దమనిషినయ్యాక అవ్వ బయటి మగవాళ్లను ఆపేసింది. పెద్దబాపును మాత్రం ఆపలేకపోయింది. ఆయన బాపుకు, అంటే మా నాన్నకు, అన్న. బావిలో మేస్త్రీ. బాపును ఊరినుంచి తెచ్చి బావిలో పెట్టించింది ఆయనే. పక్క క్వార్టరులోనే ఉండేవాడు. మా రెండిళ్లలోనూ ఆఖరి మాట ఆయనదే. ఆయన ముందు బాపు కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు.

కాలు తాకిస్తే చాలదని కనిపెట్టింది కూడా ఆయనే. ఒకసారి ఆయన నడుము మీదినుంచి దిగబోతూ తూలి వీపంతా నడిచాను. అది ఆయనకు హాయిగా తగిలింది. అంతే, వాళ్ల ఇంటి దూలానికి తాడు వేలాడింది. కింద గొంగడి పరిచి, వీపు నిండా ఇప్పగింజల నూనె పట్టించుకుని పడుకునేవాడు. నేను తాడు పట్టుకుని, బరువు కొంత తాడు మీద, కొంత కాళ్ల మీద వేస్తూ, వెన్నుపూసను తప్పించి అటూ ఇటూ నడవాలి. భుజాల దగ్గర మడమతో, నడుము దగ్గర అరికాలితో. కండ ముడిపడ్డ చోటు బొటనవేలి కింద గులకరాయిలా తగిలేది. అది మెత్తబడేదాకా దాని మీదే నిలబడాలి. ఆయన వీపు మీద అక్కడక్కడా నీలపు గీతలుండేవి. దెబ్బ తగిలినప్పుడు బొగ్గుపొడి లోపలే ఉండిపోయి, పైన చర్మం మూసుకున్న గుర్తులవి. ఆయన ముఖంలోకి చూసే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. వీపు మాత్రం కళ్లు మూసుకుని గీయగలను. దాన్ని చూస్తేనే అన్నం సహించేది కాదు.

ఒక్క సుఖం ఉండేది. గోడ గూట్లో పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని. బోర్లా పడుకున్న మనిషికి అది కనబడదు. బాపు పేరు మీద పఠనమందిరం నుంచి తెచ్చుకున్న నవలల్లో సగం ఆ వీపు మీద నడుస్తూ చదివినవే. కథ బిగిసిన చోట నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయేవి.

"ఏందే, నిలవడే నిద్రవోతున్నవా? టాంగా గుర్రం గూడ గింత మంచిగ నిద్రవోదు."

నేను పేజీ తిప్పి మళ్లీ నడిచేదాన్ని.

మొదట్లో ఐతారం ఒక్కటే. తర్వాత బేస్తవారం కూడా కలిసింది. తర్వాత బావిలో పైకప్పు పెళ్ల ఒకటి ఆయన నడుమును రాసుకుంటూ పడింది. అప్పటినుంచి రోజూ. షిఫ్టు దిగి, స్నానం చేసి, చాయ తాగి, గోడ అవతలినుంచి ఒక కేక: "పొల్లను రమ్మను!"

"దినాం ఎందుకు బావా? ఐతారమైతే సాలదా?" అని అవ్వ ఒకసారి అడిగింది.

"నువ్వు ఐతారమొక్కనాడే అన్నం తింటున్నవా?"

అవ్వ మళ్లీ అడగలేదు. పెద్దవ్వ, అంటే ఆయన భార్య, ఆ పక్కనే కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తూ నా ముఖాన్ని కనిపెట్టుకుని ఉండేది. "గా మూతి అట్ల వెడ్తవేందే? మీ పెద్దబాపు ఈపు తొక్కుతున్నవా, ముండ్లల్ల నడుస్తున్నవా?"

ముళ్లయితే నయం. ముళ్లు రోజూ రమ్మని కేకవేయవు.

ఇలా ఉండగా నేను హెచ్చెస్సీ పాసయ్యాను. మా బడి పంతులమ్మ నాతో కరీంనగర్‌లో టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టించింది. సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. రైల్లో పెద్దపల్లి దాకా పోయి, అక్కడ బస్సు ఎక్కాలి. హాస్టలువాళ్లు నెలకొకసారి తప్ప ఇంటికి పంపరని పంతులమ్మ ముందే చెప్పింది. అంటే నేను చదువుకోవాలా వద్దా అన్నది ఇంకెక్కడా తేలేది కాదు. పెద్దబాపు నడుమును ఎన్నాళ్లకొకసారి తొక్కాలన్న దగ్గరే తేలాలి.

ఆ సాయంత్రం మా అరుగు మీద ఆ మాట నడిచింది. పెద్దబాపు కుర్చీలో కూర్చున్నాడు. బాపు మెట్టు మీద నిలబడ్డాడు. నేను తలుపు వెనక.

"దినాం తొక్కాలె," అన్నాడు పెద్దబాపు.

"నెలకొకపారి వస్తది బావా. వచ్చిననాడు రెండుపూటల తొక్కుతది," అంది అవ్వ.

"నడుం నెలకొకపారి నొస్తదా?"

"పోనీ, పదిహేను దినాలకు ఒకపారి..." అన్నాడు బాపు నేలను చూస్తూ. నా కోసం ఆయన బేరమాడిన మాట అదొక్కటే. అది కూడా పనికొచ్చేది కాదు, హాస్టలువాళ్లు అలా పంపరు. ఆ సంగతి తెలిసీ తలుపు వెనకే ఉండిపోయాను.

"నువ్వు ఊకో. నిన్ను బాయిల ఎవలు వెట్టిచ్చిండ్రు? పొల్ల సదివి ఏం జేస్తది? దేవుడు దానికి విద్దె కాళ్లల్ల వెట్టిండు, తలకాయల వెట్టలే."

పెద్దవ్వ పకపకా నవ్వింది. "కరీంనగర్ల గూడ ఈపులుంటయి తియ్యి. ఆడ దుకాణం తెరుస్తదేమో."

అవ్వ కూడా కొంచెం నవ్వింది. ఎందుకు నవ్విందో తెలుసు. వాళ్లు నవ్వినప్పుడు నవ్వకపోతే ఇంట్లో పొయ్యి సరిగా మండదు. అయినా ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు పెరట్లో బాపమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. బాపమ్మ అంటే పెద్దబాపును, బాపును కన్నతల్లి. ఆమె పెద్దబాపు ఇంట్లో ఉండేది. మా అక్కలిద్దరికీ నాకూ పురుడు పోసింది ఆమే. నేను గొంతెత్తి మాట్లాడేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం అడిగేశాను.

"బాపమ్మా, నేనొక్కదాన్నే గట్లెందుకు పుట్టిన? అక్కలు మంచిగనే పుట్టిండ్రు గద."

"నువ్వు గూడ మంచిగనే పుట్టినవ్," అంది ఆమె చేటలోంచి తలెత్తకుండా. "తలకాయనే ముందుగాల అచ్చింది. గిన్ని ఎంటికలు."

"మల్ల ఎదురుకాళ్లని..."

"నీకంటె ముందు ఇద్దరూ ఆడివిల్లలే. మీ పెద్దబాపు వాకిట్ల కూసున్నడు. మల్ల ఆడివిల్లనే అయితె తమ్మునికి ఇంకొకదాన్ని జూస్త అని మీ అవ్వ కడుపుతోని ఉన్నప్పటి సంది అంటనే ఉండు. నేను బయటికచ్చి ఆడివిల్ల అని జెప్పలె. నీ నడుముకు మందు పుట్టిందిరా, ఎదురుకాళ్ల పిల్ల అన్న. గప్పుడు నవ్విండు."

"అవ్వకు తెలుసా?"

"అది పురిటినొప్పులకు సోయిల లేకుండె. దానికి గూడ తెల్వది."

కథల్లో అయితే ఇక్కడ మనవరాలు బాపమ్మను కావలించుకుంటుంది. నాకు చేట లాగి బియ్యమంతా మట్టిలో పారబోయాలనిపించింది. మా అవ్వ కాపురాన్ని ఆమె నిలబెట్టిన మాట నిజమే. కానీ నిలబెట్టడానికి నా కాళ్లు వాడుకుంది. నా చిన్నతనం అంతా ఆ ఒక్క మాట కింద పడి నలిగింది.

"ఇప్పుడే వోయి చెప్త."

"చెప్పు." ఆమె ఒక రాయి తీసి దూరంగా విసిరింది. "నన్ను ఊరికి తోలుతడు. మీ అవ్వను నిలవెట్టి అడుగుతడు. నిన్ను కరీంనగర్ పంపుతడు అనుకుంటున్నవా? దేనికీ పనికిరాని పొల్లను ఇంట్ల ఉంచుకునుడెందుకని, దొరికినోనికి ఇచ్చి చేస్తడు. ఆలోచన జేస్కో."

ఆలోచించాను. ఆమె చెప్పింది సరిగ్గా ఉంది. అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడటం మానేశాను. రోజూ పెద్దబాపు వీపు మాత్రం తొక్కుతూనే ఉన్నాను.

నేను చదువుకు పోతానేమోనన్న అనుమానం ఆయన నడుములోకి కూడా ఎక్కినట్టుంది. నొప్పి ఎక్కువైందన్నాడు. "గట్టిగ తొక్కు" అన్నాడు. తొక్కాను. "ఇంక గట్టిగ. తాడు ఇడువు" అన్నాడు. వదిలేశాను. నా ఒంటి బరువంతా ఆయన నడుము మీద. "గిట్ల! గిట్ల ఇన్ని దినాల సంది ఎందుకు తొక్కలే? దొంగపనికి అలవాటు పడ్డవ్." గూట్లో పుస్తకం ఆ రోజుల్లో తెరవలేదు. తాడు లేకుండా నిలబడటానికే నా దృష్టంతా సరిపోయేది.

అలా కొన్ని రోజులు తొక్కాక ఒక పొద్దున సైరన్ మోగింది, లైనులో మగవాళ్లంతా బయల్దేరారు, పెద్దబాపు మంచం మీదినుంచి లేవలేదు. లేవబోతే నడుము కదలడం లేదు. షిఫ్టు తప్పింది. మేస్త్రీ బావికి రాలేదన్న మాట లైనంతా పాకింది.

"పగవట్టి తొక్కింది!" ఆయన మంచం మీదినుంచే అరుస్తున్నాడు. పెద్దవ్వ మా గడపలోకి వచ్చి నిలబడింది. "సదువుకు పంపలేదని నడుం ఇరగ్గొట్టిందమ్మా, పాము పొల్ల! నోట్లె మాట ఉండది, కాలుల ఇసముంటది!"

చుట్టూ ఆడవాళ్లు చేరారు. చిన్నప్పుడు నా కాలు బంగారమన్నవాళ్లే. వాళ్లంతా నా పాదాల వైపే చూస్తున్నారు. దాచుకోవడానికి చోటు లేదు. తాడు వదలమన్నది ఆయనేనని చెప్పాలి. చెప్పలేదు. నిజంగానే విరిగి ఉంటే బాగుండునని అనుకున్నాను. అంతకంటే మంచి ఆలోచన ఏదీ నాకు అప్పుడు రాలేదు.

బాపమ్మ చేతిలో చేటతోనే వాళ్ల మధ్యలోకి వచ్చింది.

"దినాం తొక్కిపిచ్చుకుంటే ఇరుగక ఏమైతది? ఎదురుకాళ్లోళ్లు అమాసనాడే తొక్కాలె. కడమ దినాలల్ల తొక్కితె నొప్పి కాళ్లకెక్కి, మల్ల కాళ్లకెల్లి నడుముకే దిగుతది. మా అవ్వగారింట్ల నేను సూసిన."

"గిన్నేండ్ల సంది చెప్పకపోతివేందే!" అని మంచం మీదినుంచి కేక.

"నన్ను ఎన్నడడిగినవ్‌రా? దినాం అని నువ్వంటివి. ఐతారమని నీ మరదలనె. పురుడు వోసినదాన్ని నన్నెవలడిగిండ్రు?"

తర్వాత గుంపులోంచి ఒకామె, "అవ్ అవ్, మా ఊళ్లె గూడ అమాసకే తొక్కుతుండ్రి," అంది. ఇంకొకామె, "మా అత్త గూడ గదే చెప్పేది," అంది. ఎవరూ ఎన్నడూ వినని ఆచారాన్ని లైనంతా కలిసి గుర్తుతెచ్చుకుంది. చిన్నప్పటినుంచి ఐతారం ఐతారం నా కాలి కింద పడుకున్నవాళ్లు కూడా తలలూపారు.

పెద్దబాపు మంచం మీదే కొన్నాళ్లు పడి ఉన్నాడు. తొక్కేవాళ్లు లేకపోవడంతో నడుము దానంతటదే సర్దుకుంది. దాంతో బాపమ్మ మాట రాతిమీది రాత అయింది. అమాసకు ఒక్కసారి. హాస్టలువాళ్లు పంపేది కూడా నెలకొకసారే. ఎన్నాళ్లకొకసారి తొక్కాలో వాళ్లంతా తేల్చారు. తొక్కేదాన్ని నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే ఎన్నడూ వద్దని చెప్పేదాన్ని.

నేను కరీంనగర్ వెళ్లాను. బాపమ్మకు చెప్పకుండానే రైలెక్కాను. మొదట నన్ను కట్టేసింది ఆమే, తర్వాత తాడు కొంచెం వదులు చేసింది ఆమే. దానికి దండం పెట్టాలా?

ట్రైనింగు రోజుల్లో ప్రతి అమావాస్యకు బెల్లంపల్లి వెళ్లాను. ఇంట్లో పూజ అని హాస్టల్లో చెప్పేదాన్ని. "పంతులమ్మగారచ్చిండ్రు, కుర్సీ ఎయ్యిండ్రి," అనేవాడు పెద్దబాపు. అని, తను బోర్లా పడుకునేవాడు. పెద్దపల్లి దగ్గర ఒక ఊళ్లో నాకు బడి ఇచ్చాక కూడా ఇదే. ఇప్పుడు మళ్లీ తాడు పట్టుకునేదాన్ని, మళ్లీ గూట్లో పుస్తకం.

తర్వాత ఆయన బావి పని మానేశాడు. ఆ అమాస తొక్కుతుండగా కింది నుంచి అన్నాడు: "ఇంట్ల ఉంటె ఈపు దినాం నొస్తుంది. అమాస గిమాస ముసల్దాని ముచ్చట. ఈడికే బదిలీ వెట్టుకో. దినాం తొక్కుదువు." బాపు పక్కనే ఉన్నాడు. ఈసారి పదిహేను రోజుల బేరం కూడా ఆడలేదు.

వారం తిరక్కముందే, అమావాస్య కాని ఒక ఐతారం నేను మళ్లీ బెల్లంపల్లిలో దిగాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. దొరికినవాడికి ఇచ్చి చేయడం కుదరదు. చెప్పాల్సిన మాటలు రైల్లో పెదవులు కదపకుండా వల్లెవేసుకున్నాను.

పెద్దబాపు ఇంట్లో ఎవరూ లేరు. అంగడికి పోయారు. వెనక గదిలో బాపమ్మ ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కొన్నాళ్లుగా లేవడం లేదని తెలుసు, ఇంతగా చిక్కిపోయిందని తెలియదు.

"ఎందుకచ్చినవ్? మొన్ననే గద అమాస వోయింది."

"చెప్పెటందుకు. నేను ఎట్ల పుట్టిన్నో అందరికి చెప్త."

"చెప్పు. ఇంక నన్ను యాడికి తోలుతడు?" అని, మెల్లగా, మంచం కర్ర పట్టుకుని బోర్లా తిరిగింది. "అంతల్దాక జర నా నడుం తొక్కు. నొప్పికి పానం పోతుంది."

"నా కాలుల ఏం లేదని నీకెరుకే గద!"

"ఎరుకే. తొక్కు."

కాదనాలనిపించింది. చెప్పులు విడిచాను. ఆ నడుము మీద నిలబడితే తట్టుకోదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, అరికాలితో మెల్లగా ఒత్తాను. పెద్దబాపు వీపులా కాదు, ఎముకల మీద బట్ట పరిచినట్టుంది. ఎక్కడ ఒత్తితే ఆమె ఊపిరి వదులుతుందో కాలికే తెలిసింది. ఇన్నేళ్లు నేర్చిన విద్య, అసహ్యంతో నేర్చినదైనా, కాలు మరిచిపోలేదు.

వాకిట్లో పెద్దబాపు చెప్పుల చప్పుడైంది. నేను లేచి వెళ్లాను. రైల్లో వల్లెవేసుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చి ఆగాయి. వాటికి బదులు ఇంకొకటి వచ్చింది.

"అమాసకే వస్త. బదిలీ వెట్టను."

"ఎవలతోని మాట్లాడుతున్నవే?"

"నీతోనే పెద్దబాపూ."

ఆయన నా ముఖం చూశాడు. అలా చూడటం అదే మొదటిసారేమో. లోపలికి పోయి కుర్చీ గట్టిగా లాగి కూర్చున్నాడు. బదిలీ కాగితం మీద నా సంతకం కావాలి. నేను పెట్టలేదు.

చెప్పుల కోసం వెనక గదిలోకి వెళ్లాను. వచ్చే అమావాస్యకు ముందే బాపమ్మ పోయింది కనుక ఆమెను చూడటం అదే ఆఖరు. బోర్లా పడుకునే ఉంది. నా అడుగు చప్పుడు విని, ముఖం నా వైపు తిప్పకుండానే, గొంతు తగ్గించి అంది:

"నొప్పి తగ్గిందే. వానికి చెప్పకు, మల్ల దినాం తొక్కుమంటడు."